ముద్ర పడని వేళ్ళు

నా ఉద్యోగం ఏమిటో నలుగురిలో చెప్పుకోవడం మా అమ్మకి ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. "మీ అమ్మాయి ఏం చేస్తోందండీ" అని ఎవరైనా అడిగితే "పోలీసు డిపార్టుమెంటు" అని ఆగిపోయేది. వాళ్ళు అంతటితో ఊరుకోక "పోలీసులో ఏంటండి" అంటే, ఇక తప్పదన్నట్టు "వేలిముద్రలు" అనేది. మా వైపు వేలిముద్ర అంటే చదువు రానివాడు. "వాడొట్టి వేలిముద్రండి" అన్నారంటే వాడి గురించి ఇంక చెప్పుకోవడానికేమీ లేదని అర్థం. ఎమ్మెస్సీ దాకా చదివించిన కూతురు చివరికి వేలిముద్రల్లో తేలిందని ఆవిడ బాధ. మా నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన మాత్రం "పోన్లే, గవర్నమెంటు వేలిముద్ర కదా" అనేవారు.

ఊళ్ళోవాళ్ళు క్లూస్ టీమ్ అంటారు. ఆ మాటలో ఉన్న గొప్ప మా పెట్టెలో ఉండదు. రెండు మూడు బ్రష్షులు, నల్ల పౌడరు, తెల్ల పౌడరు, వెండి రంగు పౌడరు, వెడల్పు టేపు, ఇంకు, రోలరు, భూతద్దం. మనిషి వేలికి చెమట ఉంటుంది. ఆ వేలితో నున్నటి వస్తువు ముట్టుకుంటే చెమట గీతలు దానిమీద ఉండిపోతాయి. పౌడరు అద్దితే ఆ గీతలకి అంటుకుంటుంది. టేపు వేసి లేపి, అట్ట మీద అతికించి తెచ్చుకుంటాం. పనంతా ఆ తర్వాతే ఉంటుంది. ఇంట్లో దొరికే ముద్రల్లో నూటికి తొంభై ఇంట్లోవాళ్ళవే. అందుకని ముందు వాళ్ళందరి వేలిముద్రలూ తీసుకుని, వాళ్ళవి వాళ్ళకి తీసేస్తూ పోవాలి. చివరికి ఎవరికీ చెందకుండా ఏది మిగిలిందో దాంతోనే మాకు పని. బియ్యంలో రాళ్ళు ఏరడం కాదు, రాయి మిగిలేదాకా బియ్యాన్ని ఏరడం.

ఎక్కడికి వెళ్ళినా జనం నా ముందు చేతులు చాపుతారు. దొంగ గురించి కాదు. వేళ్ళ మీద చక్రాలెన్ని, శంఖాలెన్ని చూసి చెప్పమని. చక్రాలెక్కువుంటే అదృష్టమని మనవాళ్ళ నమ్మకం. మొదట్లో నాకది రాదని చెప్పేదాన్ని. చెప్తే చిన్నబుచ్చుకునేవారు. అంత చదువు చదివి ఆమాత్రం చెప్పలేదా అని. తర్వాత్తర్వాత "బాగుందండి, విదేశీయోగం ఉందండి" అనెయ్యడం నేర్చుకున్నాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఇంకు పూయడానికి చెయ్యి మెత్తగా ఇస్తారు.

ఇక్కడ చెప్పదలచుకున్నది కొన్నేళ్ళ కిందట, నేను భీమవరం వైపు పనిచేస్తున్నప్పుడు జరిగింది. దగ్గర్లోని పల్లెలో చెరువులున్న ఒక పెద్ద ఇంట్లో బంగారం పోయింది. చెరువులంటే రొయ్యల చెరువులు. రెండంతస్తుల ఇల్లు, కింద టైల్సు, పైన టైల్సు, గేటుకి కూడా టైల్సు. పోయింది ఇల్లాలి కాసులపేరు. ఆవిడకి వాళ్ళమ్మ పెట్టినది. మేడ మీద గదిలో బీరువా లోపలి సొరుగులో ఉండాలి, చూస్తే ఖాళీ డబ్బా ఉంది. తలుపులు పగలలేదు, తాళాలు విరగలేదు.

ఎవరు తీశారన్నది నేను వెళ్ళేసరికే తేలిపోయింది. చేపలామె. ఆమె రోజూ గంప నెత్తిన పెట్టుకుని ఆ ఊరొస్తుంది, ఆ ఇంటి పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేపలు తోమి, కోసి ఇచ్చి వెళ్తుంది. ఆమెకి ముందు వాళ్ళమ్మ కూడా ఆ పెరట్లోకే వచ్చేది. బంగారం పోయిందని తెలియడానికి ముందురోజు పనిమనిషి రాకపోతే, ఇల్లాలు అడిగారని ఈమే మేడ మీద గదులు తుడిచింది. గదిలోకి వెళ్ళింది, గదిలో బీరువా ఉంది, బీరువాలో నగ లేదు. పెద్దాయన, అంటే ఆ ఇంటి యజమాని, ఈ మూడు ముక్కల్ని ఎస్సైగారికి ఒక వరసలో చెప్పారు. వినడానికి వరస బాగానే ఉంది.

ఆమెని ముందు వరండాలో మెట్టు మీద కూర్చోబెట్టారు. పక్కన ఓ లేడీ కానిస్టేబులు. ఇంకో పక్కన తడి గోనె కప్పిన చేపల గంప. ఐసు కరిగి నీళ్ళు మెట్ల మీదుగా వాకిట్లోకి పారుతున్నాయి. పొద్దుట్నుంచీ అలాగే ఉంది. చేపలు పాడైపోతున్నాయని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళంతా ముక్కు మూసుకుని ఆమె పక్కనుంచే నడుస్తున్నారు.

ఆమెకి ఏం పోతుందో నాకు అక్కడే అర్థమైంది. చేపలమ్మే మనిషిని జనం నమ్మకం మీద పెరట్లోకి రానిస్తారు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆమెకి తెరుచుకునే పెరటి తలుపులే ఆమె బతుకు. దొంగ అన్న మాట ఒక ఇంటి దగ్గర అంటుకుంటే సాయంత్రానికి అన్ని తలుపులూ మూసుకుంటాయి. జైలుకి పంపినా పంపకపోయినా ఒకటే.

నేను బ్రష్షు తీసుకుని పైకెళ్ళాను. బీరువా నిగనిగలాడుతోంది. పైనుంచి కిందిదాకా తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, తలుపులకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పిడికి పూలు చుట్టారు. గదంతా ఫినాయిలు వాసన. లోపలి అరల్లో పాత పేపర్లు తీసేసి కొత్తవి పరిచారు.

ఇదంతా ఎప్పుడు చేశారని ఇల్లాలిని అడిగాను. "పొద్దున్నేనండి. మీరంతా పెద్దవాళ్ళు వస్తున్నారని ఎస్సైగారు ఫోన్ చేశారండి. ఇల్లు దుమ్ముకొట్టుకుని ఉంటే ఏం బావుంటుందండి?" అన్నారావిడ. పసుపు ఎందుకంటే, లక్ష్మి వెళ్ళిపోయిన చోటు కదండీ, ఊరికే వదిలేస్తే ఎలాగ అన్నారు.  మా ఇంట్లో అయినా మా అమ్మ అదే చేసేది. దొంగ చేతులు పడిన ప్రతి చోటునీ ఆవిడ మాకోసం శుభ్రంగా కడిగి పెట్టారు. అయినా పౌడరు అద్ది చూశాను. పసుపులో ఇల్లాలి సొంత వేళ్ళు మాత్రం ముచ్చటగా పడ్డాయి.

ఇంతలో కిందనుంచి భోజనానికి పిలుపొచ్చింది. డ్యూటీలో ఉన్నామండి, వద్దండి అన్నాను. "భోంచెయ్యకుండా దుమ్ము కొట్టుకోవడమేంటండీ, మీ దుమ్మెక్కడికీ పోదు" అన్నారు పెద్దాయన. మా జిల్లాలవాళ్ళ మర్యాద నాకు తెలుసు. కాదంటే కేసు ముందుకు సాగదు. అరిటాకులో రొయ్యల వేపుడు, చేపల పులుసు, మామిడికాయ పప్పు, పైన గడ్డ పెరుగు. చేపల పులుసు ఎవరి గంపలోదో నేను అడగలేదు.  బయట మెట్టు మీద కూర్చున్నామెకి అన్నం పెట్టారా అని అడిగితే ఇల్లాలు తలొంచుకుని లోపలికెళ్ళి, పళ్ళెంలో పెట్టి పంపించారు. ఆమె తినలేదని తర్వాత కానిస్టేబులు చెప్పింది.

భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళ వేలిముద్రలు తీసుకోవాలన్నాను. పెద్దాయన ముఖం ఎర్రబడింది. ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది. "మా ఇంట్లో మూడు తరాలుగా సంతకాలేనండి. మా తాతగారు కూడా గొలుసుకట్టులో సంతకం పెట్టేవారు. మేం వేలిముద్ర వెయ్యడమేంటండి?" అన్నారు. ఇది ఆ వేలిముద్ర కాదండి, ఇందులో చదువు ప్రసక్తి లేదండి, కలెక్టరుగారైనా ఇలాగే వెయ్యాలండి అని చెప్పి చూశాను. కలెక్టరుగారు వేస్తే వేసుకోమనండి అన్నారు. చివరికి ఎస్సైగారే దారి చూపించారు. ప్రతి వేలిముద్ర కిందా సంతకం కూడా పెట్టొచ్చన్నారు. పెద్దాయన శాంతించారు. పది వేళ్ళకీ పది సంతకాలు పెట్టారు, ఇంగ్లీషులో. ఆయన్ని చూశాక ఇల్లాలూ, ముసలి మేనత్తగారూ, వంటాయనా, డ్రైవరూ అందరూ పెట్టారు. నా సర్వీసులో అంత నిండుగా ఉన్న కాయితం మరోటి లేదు.

ఈ నాలుగు రోజుల్లో ఇంకెవరైనా ఇంట్లోకి వచ్చారా అని అందరినీ విడివిడిగా అడిగాను. పెళ్ళయి వెళ్ళిన తమ అమ్మాయి వచ్చి వెళ్ళిందన్నారు. ఇంకెవరూ రాలేదన్నారు. అందరూ ఒకే మాట.

తర్వాత చేపలామె వంతు. పిలిచి కూర్చోమంటే కుర్చీలో కూర్చోలేదు, నేలమీద కూర్చుంది. చేతులు చాపి తనే ముందు చెప్పింది, "నా వేళ్ళు మిషనుకి అందవండి. రేషను కాడ కూడా ముద్ర పడదండి. కన్ను చూసి ఇత్తారండి." ఆ వేళ్ళు చూశాను. ఐసూ, ఉప్పునీళ్ళూ, పొలుసూ, మొప్పలూ కలిసి వేళ్ళ చివర్లని నున్నగా చేసేశాయి. అడ్డంగా కత్తి గాట్లు. ఇంకు పూసి వేస్తే నల్లటి మచ్చ పడింది తప్ప గీత పడలేదు.

పెద్దాయన నా వెనక నిలబడి చూస్తున్నారు. "అదీ సంగతి" అన్నారు. ఏదండీ అన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. బీరువా మీద దొంగ ముద్రలు దొరకలేదు కదా. ఈవిడ వేళ్ళకి ముద్రలే లేవు కదా. ముద్రలున్న మనిషి తీస్తే ముద్రలు దొరికేవి. దొరకలేదంటే ముద్రల్లేని మనిషే తీసిందన్నమాట. ఎస్సైగారు కుర్రాడు, మంచివాడు. ఆయన కూడా కాసేపు ఆలోచించి, పాయింటేనండి అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. బీరువా కడిగింది ఎవరు, అనుభవిస్తున్నది ఎవరు. కానీ కోప్పడితే ఇంకు ఆరిపోతుంది గనక వేడినీళ్ళు తెమ్మన్నాను. ఆమె చేతుల్ని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, తుడిచి, ఆరనిచ్చి, ఇంకు పల్చగా రాసి, నొక్కకుండా ఆనించి తీశాను. మిషను తొందరపడుతుంది, మనం పడక్కర్లేదు. రెండు బొటనవేళ్ళూ, ఓ చూపుడువేలూ, అరచేతి అంచూ బాగానే వచ్చాయి. వేళ్ళు అరిగిపోతాయి గానీ వాటి గీతలు లోపల్నుంచి మళ్ళీ అవే పుట్టుకొస్తుంటాయి. పని ఆపితే పైకి తేలతాయి. ఆమె పని ఆపే ప్రశ్న లేదు గనక అడుగున ఉండిపోతాయి, అంతే.

అప్పుడు నగ పెట్టిన డబ్బా ఏదని ఇల్లాలిని అడిగాను. ఆవిడ కాస్త తటపటాయించి మంచం కింద చెయ్యిపెట్టి లాగారు. ఇంట్లో అన్నీ తుడిచిన మనిషి దాన్ని మాత్రం తుడవలేదు. ఖాళీ డబ్బా చూడలేక కాలితో మంచం కిందకి తోసేశానండి అన్నారు. ఆ మాట అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నగల షాపువాళ్ళిచ్చే ఎర్ర డబ్బా అది, మూత లోపల చిన్న అద్దం ఉంటుంది. అద్దం మీద వెండి పౌడరు అద్దితే బొటనవేలు ఒకటి నిండుగా లేచింది. చక్రం. మధ్యలో ఏటవాలుగా పాత గాటు.

ఆ చక్రం ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. పది సంతకాల పెద్దాయనది కాదు, ఇల్లాలిది కాదు, అమ్మాయిని పిలిపించి చూస్తే ఆమెదీ కాదు. చేపలామె బొటనవేళ్ళు రెండూ శంఖాలు. అరిగినా శంఖం చక్రం కాదు. ఈ ముద్ర ఆమెది కాదని ఎస్సైగారికి రాసిచ్చాను. నా పని అయిపోయిందనుకున్నాను.

పెద్దాయన దానికీ మాట సిద్ధంగా ఉంచుకున్నారు. అయితే ఆవిడకి తోడు ఇంకొకడున్నాడన్నమాట అన్నారు. ఆ తోడెవరో తెలిసేదాకా రోజూ పొద్దున్నే స్టేషనుకొచ్చి హాజరు వేసుకోమని ఎస్సైగారు ఆమెకి చెప్పారు. ఆమెకి సంతకం రాదు. వేలిముద్ర వెయ్యమన్నారు. ముద్ర లేని మనిషని ఎవరి మీద అనుమానం పడ్డారో ఆ మనిషి చేతే రోజూ ముద్ర వేయించుకోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. చేపలు రేవుకొచ్చేది పొద్దున్నే. స్టేషనుకెళ్ళి వచ్చేసరికి మంచి చేపంతా అమ్ముడైపోయేది.

కొన్నాళ్ళకి ఇల్లాలు మా ఆఫీసుకొచ్చారు. ముందు ఫోన్ లేదు, ఏం లేదు. డ్రైవర్ని కారులోనే ఉండమన్నారు. చేతిలో సంచీ. అందులోంచి స్వీటు డబ్బా తీసి బల్లమీద పెట్టారు, నేను వద్దంటున్నా వినిపించుకోలేదు. ఆ తర్వాత జాకెట్టు గుడ్డలో చుట్టిన వెండి గ్లాసు తీశారు, అంచు మాత్రం పట్టుకుని.

"ఇది కడగలేదండి" అన్నారు.

ఎవరు తాగిన గ్లాసండీ అన్నాను. ఆవిడ ఫ్యాను కాస్త తగ్గించమన్నారు, మంచినీళ్ళు తాగారు. మా అమ్మాయి మొన్న మళ్ళీ వచ్చిందండి అన్నారు. ఒక్కతే రాలేదండి అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది. మా వైపు వెండి గ్లాసులో మంచినీళ్ళిచ్చేది ఒక్కరికే. అల్లుడుగారికి.

ఆయన నగ పోయిన వారం కూడా వచ్చారట. రెండు రోజులున్నారట. ఆ రోజు అన్నిసార్లు అడిగాను కదండీ, ఇంకెవరు వచ్చారని, ఒక్కరూ చెప్పలేదేం అన్నాను. "అల్లుడుగారి పేరు పోలీసుల ముందు ఎలా చెప్తామండి?" అన్నారావిడ. దాచాలని కూడా కాదట. ఆ ప్రశ్నకి అల్లుడుగారు జవాబవుతారని ఇంట్లో ఎవరికీ తట్టనే లేదట. పెద్దాయనకి తట్టలేదు, వంటాయనకి తట్టలేదు. ఆయన వచ్చినందుకు ఆ రెండ్రోజులూ నాలుగు పొయ్యిలు వెలిగించినవాడు ఆ వంటాయన. ఇన్నేళ్ళుగా ఎందరెందరో నాతో అబద్ధాలు చెప్పారు. ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

మరి మీకెప్పుడు తట్టిందండీ అని అడిగాను. భోజనం దగ్గరట. అల్లుడుగారు చేపలామె గురించి మాట్లాడుతూ, ఆ లోపలి సొరుగు తాళం అంత గట్టిగా తిరుగుతుంది కదా, ఆవిడెలా తీసిందో అన్నారట. ఆ తాళం సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదండి, ఎడమచేత్తో తలుపు నొక్కిపెడితే గానీ తిరగదండి అన్నారావిడ. నెయ్యి వడ్డిస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయిందట. ఆయన చాలండి, చాలండి అంటున్నారట.

గ్లాసు తిప్పి పౌడరు అద్దాను. వెండి మీద ముద్ర ఎంత చక్కగా పడుతుందో చెప్పలేను. చక్రం. మధ్యలో ఏటవాలుగా గాటు. భూతద్దం ఆవిడ చేతికివ్వలేదు. ఆవిడ అడగనూ లేదు, నా ముఖం చూశారు. "పెళ్ళిచూపులప్పుడు గొప్పగా చెప్పారండి, అబ్బాయికి పది వేళ్ళకీ చక్రాలేనని" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే. చేపలామెని వదిలెయ్యమనండి, మిగతాది మేం చూసుకుంటాం. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. చూసుకోవడం నా చేతిలో లేదండి, చూసింది రాయడమే నా పని అన్నాను. అద్దం మీద ముద్ర, ఈ గ్లాసు మీద ముద్ర ఒకే వేలివని రాసి ఎస్సైగారికి పంపాను. గ్లాసు ఎవరు తెచ్చి ఇచ్చారో కూడా రాశాను. ఆ సంగతి బయటికి రానివ్వనని ఎస్సైగారు ఆవిడకి మాటిచ్చారట.

ఆ వారంలోనే పెద్దాయన స్టేషనుకొచ్చి నగ దొరికిందని చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఎక్కడ దొరికిందంటే, పరుపు కింద. మేం వెళ్ళిన రోజు ఇల్లాలు ఆ పరుపు కూడా తీసి ఎండలో వేశారని నాకు గుర్తుంది. ఎస్సైగారికీ గుర్తుంది. ఇచ్చినవాళ్ళే వద్దంటే కేసేముంటుందండి అన్నారాయన. హాజరు మానిపించేశారు. అంతా సుఖాంతం.

సుఖాంతం కాలేదని చేపలామె వచ్చి చెప్పింది. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులిప్పి నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చింది. ఊళ్ళో ఏమంటున్నారంటే, స్టేషను చుట్టూ తిప్పేసరికి భయపడి, ఎవరూ చూడకుండా నగ తెచ్చి పరుపు కింద పడేసిందంటున్నారట. అందుకే దొరికిందట. పోనీలే, దేవుడికి భయపడింది, అంటున్నారట జాలిగా. నాలుగూళ్ళలో ఒక్క పెరట్లో కూడా గంప దించనివ్వడం లేదు. వాళ్ళ పెద్దమ్మాయి కాన్పుకొచ్చి ఇంట్లో ఉందట, దాని మొహం చూడలేకపోతున్నానండి అంది.

"మీరు నా వేళ్ళు చూశారు కదండీ. అది నాది కాదని ఓ కాయితం రాసివ్వండి" అంది.

నా దగ్గర అలాంటి కాయితం లేదు. ఎవరి వేలు అని కోర్టు అడుగుతుంది, స్టేషను అడుగుతుంది. ఎవరి వేలు కాదు అని రాసి మనిషి చేతికిచ్చే పద్ధతి లేదు. కేసే లేనప్పుడు అసలు ఏ కాయితమూ లేదు. ఇదంతా ఆమెకి చెప్తుంటే నాకు సిగ్గేసింది. ఆమె ఓపిగ్గా విని, కాయితం ఇచ్చినా ఆ ఊళ్ళో ఎవరు చదువుతారులెండి అంది. మీ నోటితో చెప్తే చాలండి అంది.

ఆదివారం బస్సెక్కి ఆ పెద్దింటివాళ్ళ ఊరు వెళ్ళాను. యూనిఫాం మాకు ఎలాగూ లేదు. చేతిలో చేపల సంచీ. ఊరి మధ్యలో పాలకేంద్రం ముందు ఆమె గంప దించుకుని కూర్చుంది. పెరళ్ళు మూసుకున్నాక రోడ్డే మిగిలింది ఆమెకి. పండుగప్పలూ, బొమ్మిడాయిలూ తెచ్చింది. కొనేవాళ్ళు లేరు. పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళు గంప వంక చూసి, ఎదరికెళ్ళి మాట్లాడుకుంటున్నారు.

నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని బేరమాడాను. నాకు చేపల బేరం చేతకాదు. ఎంత అడగాలో తెలీక ఆమె చెప్పినదానికే సరేనన్నాను. అప్పుడు ఆమే తగ్గించింది. ఈ వింతకి ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చారు. ఒకావిడ నన్ను గుర్తుపట్టి, పౌడరు కొట్టిన మేడమ్‌గారు మీరే కదండీ అంది. అవునండి అన్నాను. మరి ఆ డబ్బా మీద వేలు ఈవిడదేనా అంది. కాదండి అన్నాను. మరెవరిదండి అంది. ఈవిడది కాదండి అన్నాను. ఇంకొకావిడ వచ్చి మళ్ళీ అదే అడిగింది, నేనూ మళ్ళీ అదే చెప్పాను. కోర్టులో వకీళ్ళు కూడా ఇన్నిసార్లు అడగరు. నమ్మారో లేదో వాళ్ళ ముఖాలు చూస్తే తెలియలేదు. ఎవరూ చేప కొనలేదు.

అప్పుడు పెద్దింటి ఇల్లాలు వచ్చారు. నేను వచ్చానని ఎవరో చెప్పి ఉంటారు. ఆవిడ రోడ్డు మీదకొచ్చి చేపలు కొనడం ఆ ఊరివాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. చేతిలో స్టీలు గిన్నె. నా వంక చూడలేదు. గంప ముందు నిలబడి, గిన్నె ముందుకి చాపి, రెండు పండుగప్పలివ్వమన్నారు.

చేపలామె తలెత్తలేదు. గోనె సర్దుతూ, "మీకివ్వనండి" అంది.

 ఇల్లాలు తిరిగి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ వెళ్ళలేదు. గొంతు పెంచకుండా, అందరికీ వినబడేట్టు, "తీసింది నువ్వు కాదు. మా ఇంటివాళ్ళే" అన్నారు.

"తెలుసండి" అంది చేపలామె. అప్పుడు తలెత్తి ఆవిణ్ణి చూసింది. "అయినా ఇవ్వనండి."

ఇల్లాలు ఖాళీ గిన్నె వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తెచ్చిన గ్లాసు సంగతి ఆమెకి తెలీదు, అక్కడున్నవాళ్ళలో తెలిసింది నాకే. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇల్లాలు నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. "సరేనమ్మా" అని ఆమెతో అని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. 

తర్వాత పాలకేంద్రం దగ్గరి ఆడవాళ్ళలో ఒకావిడ వచ్చి, పాలు పోసి ఖాళీ అయిన తన క్యాను మూతని గంప పక్కన గిన్నెలా తిరగేసి పెట్టి, బొమ్మిడాయిలు ఎలా ఇస్తున్నావని అడిగింది. చేపలామె ధర చెప్పింది. నాకు చెప్పినదానికంటే ఎక్కువ చెప్పింది. ఆవిడ బేరం ఆడకుండా, చేపలు తోమించుకోవడానికి కూర్చుంది.